రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి రెండు శాతం కాదు

"ఊళ్లో తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి లక్ష ఇస్తానంటున్నాడు, బ్యాంకువాళ్లు తొమ్మిది శాతం అంటున్నారు, మరి ఊళ్లోదే చవక కదా" అని అడిగారు. కాదండీ, తిరగబడింది. మన దగ్గర రూపాయల్లో వడ్డీ చెప్పారంటే అది నూటికి, నెలకి. అంటే లక్షకి నెలకి రెండు వేలు, ఏడాదికి 24 శాతం. బ్యాంకువాళ్ల తొమ్మిది శాతం ఈ లెక్కలో ముప్పావలా వడ్డీ. అప్పట్లో వైఎస్ ప్రభుత్వం డ్వాక్రా మహిళలకి ఇచ్చిన పావలా వడ్డీ కూడా ఇదే లెక్క, నెలకి పావలా చొప్పున ఏడాదికి మూడు శాతం.

మా తాతయ్య దగ్గరికి ప్రామిసరీ నోట్లు రాయించుకోడానికి వచ్చేవాళ్లు. నా దస్తూరి బాగుంటుందని నాచేత రాయించేవారు, అందుకే ఆ వాక్యం ఇప్పటికీ నోటికొచ్చు: "నూటికి నెల 1కి రూ. 2.00 ల చొప్పున వడ్డీతో మీకు గాని, మీ అనుమతి పొందినవారికి గాని..." కింద రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. నోటితో "రెండు రూపాయలు" అని ఊరుకున్నా కాగితం మీద "నెల 1కి" అని తప్పకుండా ఉంటుంది, చూసుకోండి.

అసలు దెబ్బ రేటులో కాదు, నోటు తిరగరాయడంలో ఉంది. నోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, కోర్టులో చెల్లదు. అందుకని గడువు దగ్గరపడగానే అప్పిచ్చినాయన వచ్చి కొంత కట్టించుకుని, అంత కట్టినట్టు నోటు వెనకాల చెల్లు రాయించుకుంటాడు, లేదా అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయమంటాడు. చెల్లు రాస్తే ఫర్వాలేదు, పాత లెక్కే నడుస్తుంది. కొత్త నోటు రాస్తే మాత్రం మూడేళ్లలో 1,72,000 అయిన మీ లక్ష ఇక అసలైపోతుంది, దాని మీద మళ్లీ రెండు రూపాయలు, ఆరేళ్లు తిరిగేసరికి 2,95,840. అదే బారు వడ్డీ అయితే 2,44,000 దగ్గర ఆగేది. చక్రవడ్డీ అన్న మాట ఎవరూ అనరు, పైగా "నేను బారు వడ్డీయే తీసుకుంటా బాబూ" అని గర్వంగా చెప్తారు కూడా.

ఇంకోటి, మొదటి నెల వడ్డీ ముందే కోసుకుని ఇస్తారేమో అడగండి. చేతికి 98,000 ఇచ్చి నోటు లక్షకి రాయించుకునేవాళ్లు బోలెడుమంది.

ఇంట్లో బంగారం ఉంటే, బ్యాంకులో ఆ తొమ్మిది శాతానికే పెట్టి తెచ్చుకోండి. లేదు, నెలలో పంట డబ్బులొస్తాయి, రేపే కావాలి అంటే ఊళ్లో తీసుకోండి, నెలకి రెండు వేలేగా. కాకపోతే డబ్బు కట్టేసిన రోజునే నోటు వెనక్కి తీసుకుని, అక్కడే సంతకం మీద చింపేయండి, "ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత ఇస్తాలే" అంటే అది దొరికేదాకా డబ్బు ఇవ్వకండి.