సందేహాలు – సమాధానాలు: కూరితేనే కూరా?

సందేహం: విజయనగరం నుంచి దుంపలు తెచ్చి మా మేడమీద ఆగాకర తీగలు పాకించాం. చెన్నైలో అరుదుగా దొరికే కూరగాయ ఇది. మొన్న కాయలు చీల్చి, శనగపప్పు కారం కూరి, మా అమ్మ పద్ధతిలో వండాను. కాయలో కారం కూరుతాం కాబట్టే 'కూర' అనే మాట వచ్చిందని మా అమ్మాయి అంటోంది. నిజమేనా? ఈ వంటను 'స్టఫ్డ్ కర్రీ' అనవచ్చా? ఆగాకర సరా, ఆకాకర సరా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం: మీ అమ్మాయి ఊహ ముచ్చటగా ఉంది కానీ నిలవదమ్మా. తోటకూరలో ఏం కూరుతాం? చుక్కకూరలో? గోంగూర కూడా గోగుకూరే కదా! ఇవన్నీ ఇంకా పొయ్యి ఎక్కని ఆకుల పేర్లు. 'కూర' అంటే మొదట వండుకునే ఆకేననీ, వండిన పదార్థానికి ఆ పేరు తర్వాత పాకిందనీ నా నమ్మకం. తెలంగాణలో కొన్నిచోట్ల ఒట్టి 'కూర' అంటే మాంసమే.

నా సాక్షి మీ ఊళ్లో, ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పాఠం చెప్పినవారే: పరవస్తు చిన్నయసూరి. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో రెండు పేర్లు సమానంగా కలిసే ద్వంద్వ సమాసంలో గసడదవాదేశానికి, అంటే రెండో మాట మొదట్లోని క చ ట త ప లు గ స డ ద వ లుగా మారడానికి, ఆయన చూపిన ఉదాహరణల్లో కాలుసేతులు, తల్లిదండ్రులతో పాటు 'కూరగాయలు' కూడా ఉంది. అంటే కూరలూ, కాయలూ అని. ఆకులది ఒక జాతి, కాయలది ఇంకో జాతి. 'కూర కోసం కాయ' అని సమాసాన్ని విడదీసి చెబితే అది ద్వంద్వమే కాదు, ఆ సూత్రం కింద 'గ' రావడానికీ దారి లేదు. మీ వీధిలో రోజూ వినే తమిళం 'కాయ్‌కఱి' చూడండి, అక్కడా రెండు మాటలే. కాకపోతే వాళ్లు కాయను ముందు పెట్టారు.

అందుకే మీరు 'అరుదుగా దొరికే కూరగాయ' అని రాస్తే నాకు చివుక్కుమంది. ద్వంద్వాన్ని ఏకవచనం చేసి ఆగాకర ఒక్కదానికే తగిలిస్తే, 'ఆవిడ మా తల్లిదండ్రి' అన్నట్టుంటుంది. వెజిటబుల్‌కు సరిజోడు మాట వెతికే తొందరలో పుట్టిన ఏకవచనం ఇది అనుకుంటాను. 'బంగాళాదుంప ఒక కూరగాయ' అని పిల్లల చేత వల్లె వేయిస్తున్నారు. పాపం అది ఆకూ కాదు, కాయా కాదు! అయినా ఇంతగా స్థిరపడ్డాక తప్పని కొట్టేయడానికి నాకూ మనసు రావడం లేదు. మీ ఆగాకరను ఉత్త 'కాయ' అంటే మాత్రం సంతోషిస్తాను.

ఇక 'కర్రీ'. తమిళ కఱి ఇంగ్లీషువాళ్ల నోట పడి తిరిగొచ్చిన రూపం అది. కర్రీ పాయింట్ బోర్డుల మీద ఉండనివ్వండి, మీ వంటింట్లోకి ఎందుకు? 'స్టఫ్డ్' కూడా అక్కర్లేదు. కారం పెట్టిన ఆగాకరకాయ కూర అనండి.

ఆగాకర, ఆకాకర రెండూ వాడుకలో ఉన్నవే. తెలంగాణవారు బోడకాకర అంటారు. మీ ఇంట్లో ఏది అలవాటైతే అది రాయండి. అన్నట్టు, లేతకాయల బొడిపెలు గీకకండి, అవీ తినేవే.