ముందు ఆ మనిషి దగ్గర కూర్చో

ప్రశ్న: సార్, నేను ఈసీఈ థర్డ్ ఇయర్. వచ్చే ఏడు మేజర్ ప్రాజెక్ట్ ఉంది. సీనియర్లు చాలామంది అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొనుక్కొచ్చేశారు, నాకలా వద్దు, జనానికి పనికొచ్చేది చెయ్యాలనుంది. చూపులేనివాళ్ళ కోసం స్మార్ట్ స్టిక్ అనుకుంటున్నాం, బాగుంటుందా?
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: నీ ఉత్తరం చదివి చాలా సంతోషమేసింది తమ్ముడూ. ఒక్కటి చెప్పు, చూపులేని మనిషితో ఒక్క పూటైనా గడిపారా? ఎందుకంటే నేను పాఠాలు చెప్పే రోజుల్లో మా పిల్లలూ ఇదే కర్ర చేశారు, శబ్ద తరంగాలతో ఎదురున్న అడ్డుని పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్, బజర్, ల్యాబ్‌లో గోడ దగ్గరికెళ్తే టక్కున మోగింది, మార్కులూ పడ్డాయి. తర్వాత బస్టాండ్‌లో బఠాణీలు అమ్ముకునే ఒకాయన చేతికిస్తే, జనంలోకి వెళ్ళగానే అది ఆగకుండా మోగుతూనే ఉంది. ఆయన కాసేపు ఓపికపట్టి స్విచ్ ఆపేసి, "బాబూ, నాకు చెవులే కళ్ళు, ఇది మోగుతుంటే బస్సు ఎటునుంచి వస్తుందో వినపడట్లేదు" అన్నాడు. ముందే అడిగుంటే ఆ బజర్ పెట్టేవాళ్ళమే కాదు. ఐఐటీ ఢిల్లీ వాళ్ళ స్మార్ట్‌కేన్ చూడు, 2014లో వచ్చింది, చేతికి వైబ్రేషన్‌తో చెప్తుంది, అదీ మోకాలి పైన అడ్డొచ్చేవాటి గురించి, కిందవి మామూలు కర్రకే తగుల్తాయి కదా.

ఆలేరు చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితోనే చదువు ఆపేశారు. వాళ్ళమ్మ లక్ష్మి గారు పోచంపల్లి చీరలకి ఆసు పోసేవారు, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో చుట్టడం, ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9000 సార్లు ఆడించాలి, రాత్రికి భుజం నొప్పితో విలవిల్లాడేవారు. అది చూడలేక 1992లో మొదలెట్టి 1999కి మిషన్ పూర్తిచేసి దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని, 2017లో పద్మశ్రీ వచ్చింది. మీకున్న ల్యాబూ లేదు, గైడూ లేడు, ఆ నొప్పి మాత్రం రోజూ కళ్ళముందే ఉండేది.

అందుకని కాంపోనెంట్స్ ఇప్పుడే కొనకండి. కర్రే చెయ్యాలనుంటే చెయ్యండి, కాకపోతే దాన్ని వాడే మనిషి మొదటిరోజు నుంచీ మీ టీమ్‌లో ఉండాలి, బ్యాటరీ అయిపోతే ఏం చేస్తాడో, పాడైతే ఎవరి దగ్గరికెళ్తాడో కూడా ఆయన్నే అడగండి. లేదా మీ ఊరి చుట్టూ చూడు, చీమకుర్తి క్వారీల్లో దుమ్ము పీల్చేవాళ్ళున్నారు, సీజన్లో పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర వేడి తగ్గకుండా ఎక్కువ కాకుండా రాత్రిళ్ళు కాపుకాసేవాళ్ళున్నారు. ఒక్క రాత్రి వాళ్ళతోపాటు మేలుకో. థర్మామీటర్ చూడ్డానికి ఎన్నిసార్లు లేస్తున్నారో, పొయ్యి ఎప్పుడెప్పుడు ఎగదోస్తున్నారో నోట్‌బుక్‌లో రాసుకో, ఆ కాగితాలు నాకు పంపు, అప్పుడు సర్క్యూట్ గురించి మాట్లాడుకుందాం.