పడవ, చంద్రవంక, బఠానీ గింజ

ప్రశ్న: మేడమ్, మాది ఉదయగిరి దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు చెన్నైలో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, మొదటి సంవత్సరం. అనాటమీ పేర్లు రాత్రి బట్టీ పడితే పొద్దుటికి ఒక్కటీ ఉండటం లేదు. మణికట్టు ఎముకల దగ్గరే మూడు వారాలుగా ఆగిపోయాను. పక్క బల్ల అమ్మాయిలు టకటకా చెప్పేస్తుంటే ఏడుపొస్తోంది. మానేసి ఇంటికెళ్లిపోనా?
– ఒక విద్యార్థిని, క్రోంపేట

జవాబు: మానేయడం సంగతి తర్వాత. ముందు పుస్తకం మూసి, బొటనవేలు బాగా వెనక్కి చాపు. దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడిందా? మా అమ్మమ్మ పట్నం పొడుం అందులోనే పోసుకుని పీల్చేది. ఇంగ్లీషు వాళ్లూ దాన్ని ముక్కుపొడుం డబ్బా అనే అంటారు. అక్కడ నొక్కితే తగిలేది స్కాఫాయిడ్, అంటే పడవ. పక్కనే ల్యూనేట్, చంద్రవంక. చిటికెన వేలి వైపు గుండ్రంగా తగిలేది పిసిఫామ్, బఠానీ గింజ. ఎనిమిదిలో మూడు వచ్చేశాయి.

నాదీ తెలుగు మీడియమే. వైవాలో, అంటే నోటి పరీక్షలో, క్లావికిల్ (మెడ కింది కాలరెముక) చేతికిస్తే తలకిందులుగా పట్టుకుని, దానికి అంటుకునే కండరాలన్నీ వరసగా అప్పజెప్పాను. కుడిదా ఎడమదా అని అడిగితే నోరు పెగల్లేదు. సప్లిమెంటరీ రాశాను. ఆ తర్వాత సీనియర్ల బోన్ సెట్ అడిగి తెచ్చుకుని, ఒక చేతిలో ఎముక, రెండో చెయ్యి నా భుజం మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. అప్పుడు ఎక్కింది.

ఇంట్లో సామాన్లు చూసి పెట్టిన పేర్లమ్మా ఇవి. మోకాలి చిప్ప పటెల్లా, అంటే చిన్న పళ్లెం. మోకాలి కింద లావెముక టిబియా పిల్లనగ్రోవి, పక్కన సన్నది ఫిబ్యులా పిన్నీసు. వెన్ను చివరి తోకెముక కాక్సిక్స్ అయితే కోకిల ముక్కు! నోట్సులో ప్రతి పేరు పక్కనా తెలుగు రాసుకో.

ఆ పడవను మాత్రం మర్చిపోకు. చెయ్యి ఆనించి పడినప్పుడు ఆ ఎనిమిదిలో ఎక్కువగా విరిగేది అదే. దానికి రక్తం చాలావరకు వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుంది. మధ్యలో విరిగితే ముంజేతి వైపు ముక్క రక్తం అందక చచ్చిపోవచ్చు. మొదటి ఎక్స్‌రేలో విరుగు కనపడకపోనూ వచ్చు. రేపు బండి మీంచి పడ్డ కుర్రాడు 'బెణికిందక్కా' అని వస్తే, ఆ గుంట నొక్కి చూడకుండా వ్యాయామాలు మొదలుపెట్టకు. అక్కడ నొప్పి ఉంటే డాక్టరు దగ్గరికి పంపు.

ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెప్పే ఫిజియాలజీ కూడా ఇంతే. గుండె ఒక్కో దెబ్బకి నెట్టే రక్తం సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి సుమారు 72 దెబ్బలు. గుణిస్తే సుమారు 5 లీటర్లు. హాస్టల్ మెట్లెక్కి నాడి పట్టుకుని మళ్లీ లెక్క కట్టు.

పక్క బల్ల అమ్మాయిలను ఆ గుంట ఎక్కడో చూపించమని అడిగి చూడు.