భూమి లోపలికి ఎవరూ దిగలేదు కదా, మరి పొరలున్నాయని ఎలా చెప్తున్నారు?

అడిగినవారు కింద ఇంకో ముక్క కూడా తగిలించారు: "ఇదంతా ఊహే కదా?" అని. ఆ ముక్క చదివాకే నాకు ఒళ్లు మండి ఈ జవాబు మొదలుపెట్టాను.

మాది టెక్కలి పక్క ఊరు. చదివింది బీకాం. చాలా ఏళ్లు గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్‌గా చేశాను. రాయిని కోయకుండానే దాని లోపల ఏముందో చెప్పేవాళ్ల మధ్య బతికాను కాబట్టి, ఈ విషయంలో జియాలజీ చదివినవాళ్లకి ఎంత హక్కుందో నాకూ అంతే ఉందనుకుంటాను.

కొండ నుంచి బ్లాక్ విడిపించాక దాన్ని రెండు రకాలుగా చూస్తారు. మొదటిది నీళ్లు. బకెట్టుతో పైనుంచి పోసి ఎండకి వదిలేస్తే రాయంతా ఆరిపోతుంది, సన్న పగులున్న చోట మాత్రం తడి గీత ఇంకాసేపు నల్లగా నిలుస్తుంది. పైకి తేలిన పగుళ్లు దీంతో దొరుకుతాయి. లోపలివి దొరకవు. వాటికి సుత్తి కావాలి. మా దగ్గర ఒక పెద్ద మేస్త్రీ ఉండేవారు. చిన్న సుత్తి పట్టుకుని జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోయేవారు, చెవి రాయికి దగ్గరగా పెట్టి. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల తేడా ఉంటే చప్పుడు చచ్చిపోతుంది.

ఒకసారి ఎక్స్‌పోర్ట్ పార్టీ తరఫున మార్కర్, అంటే బ్లాకులు చూసి ఎంచుకునేవాడు, వచ్చాడు. టేపు, టార్చి, కెమెరా, అన్నీ ఉన్నాయి. నీళ్లు పోయించాడు, గీత కనబడలేదు, ఎర్ర పెయింటుతో నంబరు వేసేశాడు. ఆ పెయింటు ఆరకముందే మేస్త్రీ నన్ను పిలిచారు.

"బాబూ, ఈ రాయి పలకట్నేదు. ఇటు కొడితే సప్పుడు అటు ఎల్లట్నేదు. మజ్జిలో ఏటో అడ్డముంది."

నేను అవతలి వైపు వెళ్లి రాయికి చెవి ఆనించాను. ఆయన మూల దగ్గర కొడితే దుప్పటి కప్పినట్టు మందంగా వినిపించింది. రెండడుగులు జరిగి కొట్టారు, ఖంగున వచ్చింది. మళ్లీ మూలకి వెళ్లారు, మళ్లీ మందం. అప్పుడు సుద్దముక్క తీసుకుని రాయి మీద ఏటవాలుగా ఒక గీత గీశారు. మార్కర్‌కి చెప్తే నవ్వాడు. "కంటికి కనబడని పగులు నీకు చెవికి కనబడిందా తాతా?" అన్నాడు. మేస్త్రీ ఏమీ అనలేదు, బీడీ ముట్టించుకున్నారు. ఫ్యాక్టరీలో గ్యాంగ్‌సా, అంటే బ్లాకుని పలకలుగా కోసే పెద్ద రంపం, కింద పెట్టాక ఆ బ్లాక్ సగంలో రెండు ముక్కలైంది. విరిగిన చోటు సుద్ద గీతకి బెత్తెడు పక్కన. నష్టం ఎవరి నెత్తిన వేయాలన్న గొడవ చాన్నాళ్లు నడిచింది. చివరికి మా బోనస్‌కి కోత పడింది, అది వేరే కథ.

భూమి విషయంలో శాస్త్రవేత్తలు చేసేది సరిగ్గా మేస్త్రీ పనే. సుత్తి దెబ్బ భూకంపం వేస్తుంది. అవతలి వైపు చెవి ఆనించడానికి ప్రపంచమంతా సీస్మోగ్రాఫులు, అంటే నేల అదురుని గీతలుగా గీసే పరికరాలు, ఉన్నాయి.

ఇందులో మొదటి పేరు చెప్పుకోవాల్సిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ మన దేశంలోనే, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం చేశాడు. 1897 జూన్ 12న అస్సాంలో ఘోరమైన భూకంపం వచ్చింది. దాని అదురు నేలలో అలలుగా యూరప్‌లోని పరికరాల దాకా పోయింది. ఆ గీతలు చూసి ఇవి ఒకే రకం కావు, మూడు రకాలు, ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి అని తేల్చాడు. ముందొచ్చేది పి, తర్వాతది ఎస్, ఆఖరున నేల పైపైన పాకేవి. 1906లో ఇంకో అడుగు వేసి, భూమి నడిమధ్యన అలలు నెమ్మదించే వేరే పదార్థం ఉందన్నాడు. 1909లో క్రొయేషియాలో మొహొరొవిచిచ్ అనే ఆయన ఒక భూకంపం రికార్డులు చూస్తుంటే, కొంత లోతు దాటిన అలలు ఒక్కసారిగా వేగం పుంజుకున్నట్టు తేలింది. పైపొర అయిన పటలం అక్కడితో సరి, దాని కింద ప్రావారం, అంటే మాంటిల్. ఖండాల కింద ఆ హద్దు సగటున 35, 40 కిలోమీటర్ల లోతున ఉంటుంది.

ఎస్ అలకి ఒక గుణముంది: ద్రవంలోంచి పోవడం దాని వల్ల కాదు. సుమారు 2,890 కిలోమీటర్ల లోతు దగ్గర అది ఆగిపోతుంది. కాబట్టి అక్కడి నుంచి ద్రవం. మరి ఆ ద్రవం మధ్యలో గట్టి గుండు ఉందని ఎవరు చెప్పారు? డెన్మార్క్‌కి చెందిన ఇంగే లేమన్, 1936లో. 1929లో న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంపం తాలూకు పి అలలు రాకూడని చోట సన్నగా వచ్చాయి. అందరూ వదిలేసిన ఆ చిన్న గీతల్ని ఆవిడ పట్టుకుంది. కంప్యూటర్ లేదు. ఓట్స్ అట్టపెట్టెల్లో కార్డులు పేర్చుకుని, ఏ ఊళ్లో ఏ నిమిషానికి అల వచ్చిందో రాసుకుంటూ తోటలో కూర్చునేదట. 5,150 కిలోమీటర్ల దగ్గర మొదలై కేంద్రం దాకా, అంటే 6,371 దాకా, గట్టి లోహం. ఇది ఊహ అని ఎవరైనా అంటే ముందు ఆ కార్డులన్నీ తిరగరాసి చూపించమనండి.

లోపల ఇనుమే ఎందుకన్నారు అంటారా? అది నేనే చెప్పగలను. లారీకి లోడ్ రాసేటప్పుడు క్యూబిక్ మీటరు రాయికి 2.7 టన్నులు వేస్తాం. మొత్తం భూమి బరువుని దాని ఘనపరిమాణంతో భాగిస్తే క్యూబిక్ మీటరుకి 5.5 టన్నులు వస్తుంది. ఈ సంగతి 1798లోనే కేవెండిష్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాదాపు సరిగ్గా తేల్చాడు. పైన 2.7, సగటు 5.5. అంటే లోపల ఎక్కడో రాయి కంటే చాలా బరువైంది పోగుపడి ఉండాలి. ఇనుపరకం ఉల్కలు, భూమికున్న అయస్కాంతం కూడా ఇనుమనే చెప్తున్నాయి.

తవ్వి చూడొచ్చుగా అనేవాళ్లుంటారు. రష్యాలో కోలా దగ్గర 1970లో మొదలుపెట్టి, 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు. 100 డిగ్రీలు ఉంటుందనుకున్న చోట 180 డిగ్రీలుంది, రాయి మెత్తబడి రంధ్రం నిలవలేదు. కేంద్రం దాకా ఉన్న దూరంలో అది 500వ వంతు కూడా కాదు.

నన్నడిగితే తవ్వక్కర్లేదు. తూర్పు కనుమల్లోని మన ఖోండలైట్, చార్నకైట్ రాళ్లు ఒకప్పుడు సుమారు 25 కిలోమీటర్ల లోతున, 900 డిగ్రీల వేడిలో ఉడికినవే. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందటి మాట. తర్వాత నేల లేచింది, పైనున్నదంతా వానకి కొట్టుకుపోయింది, అడుగుది బయటపడింది. కళింగపట్నం బీచ్‌కి వెళ్తే ఇసుక మీద ఎర్ర చారలు, నల్ల చారలు కనిపిస్తాయి. ఎర్రది గార్నెట్, నల్లది ఇల్మనైట్. కొండల్ని అరగదీసి వంశధార, నాగావళి మోసుకొచ్చిన సరుకు. పటలం అడుగుభాగం చెప్పుల కింద నలుగుతుంటే జనం సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. ఒక్క స్కూల్ బస్సు కూడా ఈ ముక్క చెప్పడానికి అక్కడ ఆగినట్టు నేను చూడలేదు.

మళ్లీ ఇదే జనం బోరు వేయించాలంటే, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే ఆయన్ని పిలిచి అడిగినంత ఇస్తారు. కాయ నిక్కితే నీళ్లున్నట్టు. బోరు ఫెయిలైతే "మీ జాతకం బాగోలేదు" అంటాడు. దానికి ఎవరూ "ఇది ఊహే కదా" అనరు. "ఈ రాత్రి ఉత్తరాంధ్రకి భారీ భూకంపం, నాసా హెచ్చరిక" అని వాట్సాప్‌లో వస్తే మాత్రం పక్కింటివాళ్లతో సహా బయట పడుకుంటారు. ఫలానా రోజు, ఫలానా టైముకి భూకంపం వస్తుందని చెప్పగలిగినవాడు ఇప్పటిదాకా ఈ భూమ్మీద లేడు.

ఈ ప్రశ్న కిందే ఇంకొకరు మాంటిల్ అంతా లావా అని జవాబు రాశారు. తప్పు వారిది కాదు. మా మేనల్లుడి పుస్తకంలో కూడా దాన్ని ఎర్రగా మరుగుతున్నట్టే వేశారు. మాంటిల్ గట్టి రాయే. ఎస్ అల దానిలోంచి హాయిగా పోతోంది, ద్రవమైతే పోయేది కాదు. లక్షల ఏళ్ల మీద చాలా నెమ్మదిగా కదులుతుంది, అంతే. అక్కడక్కడ కొద్ది భాగం కరిగి పైకొస్తే దాన్నే మనం లావా అంటున్నాం.