షియామెన్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మాయ్,

చైనాలోని షియామెన్ ఊళ్ళో రాళ్ళ కంపెనీలో దుబాసీగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తూ చెప్పిందో నవ్వుతూ చెప్పిందో నాకు తెలియలేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి అక్కడ అమ్ముకోవడానికి ఇన్నేళ్ళూ ఊరూపేరూ తెలియని దుబాసీల నోటిని నమ్ముకున్నాం. ఇప్పుడు మనింటి పిల్లే ఆ కుర్చీలో కూర్చుంటుందంటే ఛాతీ ఉబ్బింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పాస్‌పోర్టు నకళ్ళు రెండుచోట్ల పెట్టుకో. కబుర్లకు వీచాట్, చెల్లింపులకు అలీపే యాప్‌లు అక్కడ దిగగానే ఫోన్లో వేయించుకో. పచ్చళ్ళ సంగతి మీ అమ్మ చూసుకుంటుంది.

పరీక్షలన్నీ పాసైన దానివి, భాష గురించి నీకు చెప్పేంతవాణ్ణి కాదు. ఒక్క అంకె గురించి చెబుతాను. మూడు, అంటే వాళ్ళ 'సాన్'. వాళ్ళ మాటల్లో అది చాలాసార్లు లెక్క కాదు, బోలెడు అని. చెట్టు గుర్తు మూడుసార్లు రాస్తే అడవి. రాయి గుర్తు మూడుసార్లు పేర్చితే 'లెయ్', రాళ్ళగుట్ట. మగపిల్లలకు ఆ పేరు పెట్టుకుంటారు కూడా, మన వ్యాపారానికి భలే పేరు. మూడుసార్లు ఆలోచించి పని మొదలుపెట్టమని మనలాగే వాళ్ళూ అంటారు. కానీ జీ వెన్‌జ అనే మంత్రి ఏదైనా మూడుసార్లు ఆలోచించి గానీ చేయడని ఎవరో చెబితే, రెండుసార్లు చాల్లే అన్నాడట కన్ఫ్యూషియస్. నాకు ఆ పెద్దాయన అందుకే నచ్చాడు.

మీ ఇంట్లో నువ్వు మూడో ఆడపిల్లవి. ఆ మాట చెప్పాల్సివస్తే పొరపాటున కూడా 'ష్యావ్ సాన్' అనకు. ఈ రోజుల్లో దానర్థం పెళ్ళయినవాడితో తిరిగే మనిషి అని. 'లావ్ సాన్' అను, పరువు దక్కుతుంది. ఎవరినైనా 'మూడు చేతులవాడు' అన్నారంటే పర్సు జాగ్రత్త. 'మూడూ కాదు, నాలుగూ కాదు' అన్నారంటే వాడి ఛాయలకు పోకు.

విందుకు ఆలస్యంగా వచ్చినవాళ్ళు జరిమానాగా మూడు గ్లాసులు తాగాలంటారు. అక్కడ పోసే బైజియు ధాన్యంతో చేసే సారా, మన బీరు కాదు, చాలావాటిలో సగం పైన ఆల్కహాలే ఉంటుంది. టైముకు వెళ్ళు. టీ కప్పు ఎత్తి 'మందు బదులు టీ' అంటే మర్యాదకు లోటు రాదు, అక్కడ అది చెల్లుతుంది. అయినా బలవంతపెడితే మామయ్య ఒట్టు వేయించుకున్నాడని చెప్పు. రాత్రిపూట ఒంటరిగా గదికి రాకు.

ఇప్పుడు అసలు సంగతి. మనతో పాటే చైనాకు రాతి బ్లాకులు పంపిన ఒకాయన ఉండేవాడు. పేరెందుకులే, మన జిల్లావాడే. చైనీసు అంకెల్లో మొదటి మూడూ అడ్డగీతలే కదా: ఒకటికి ఒకటి, రెంటికి రెండు, మూడుకి మూడు. ఆ మూడూ నేర్చుకుని మహా మురిసిపోయేవాడు. ఒక కొనుగోలుదారు పదివేల యువాన్లు అడ్వాన్సుగా చేతికిస్తే, రసీదు తానే రాశాడు. అక్కడ పదివేలంటే 'ఈ వాన్': 'ఈ' అంటే ఒకటి, 'వాన్' అంటే పదివేలు. ఒక గీత గీసి, పక్కన 'వాన్' రాసి సంతకం పెట్టాడు. పక్కన 10,000 అని అంకెల్లో మళ్ళీ వేయలేదు. ఆ గీతకు పైనా కిందా బోలెడు ఖాళీ. తర్వాత రాతిలో పగుళ్ళున్నాయని గొడవొచ్చి, అడ్వాన్సు తిరిగిమ్మన్నారు. బల్లమీద పెట్టిన రసీదులో మూడు గీతలున్నాయి. నడిమి గీత వెలిసింది, మిగతా రెండూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఈయన అరిచాడు, ప్రమాణాలు చేశాడు. దుబాసీ కుర్రాడు తల వంచుకుని కూర్చున్నాడు. తీసుకున్నది పదివేలు, కట్టింది ముప్ఫైవేలు. ఆ దెబ్బకు మళ్ళీ ఆ దేశం వెళ్ళలేదు.

ఇందుకే వాళ్ళకు పెద్దంకెలు వేరే ఉన్నాయి. పలకడం అదే 'సాన్', రాయడానికి ఎనిమిది గీతలు. ఒకటికైతే పన్నెండు. మింగ్ వంశపు తొలి చక్రవర్తి హోంగ్‌వు కాలంలో, 1385లో, గువో హువాన్ అనే అధికారి ధాన్యం పన్నులు మింగిన కుంభకోణం బయటపడింది. దాని తర్వాతే సర్కారు లెక్కల్లో ఈ అంకెలే వాడాలని ఆజ్ఞ వేశారంటారు. బ్యాంకు చెక్కుల మీద ఇప్పటికీ ఇవే. విందులో వాళ్ళు మూడంటే నవ్వి ఊరుకో. డబ్బు కాగితం మీద మూడంటే మాత్రం ఎనిమిది గీతలూ లెక్కపెట్టు, పక్కన మనం రాసే మామూలు అంకె కూడా వేయించు. లేకపోతే సంతకం పెట్టకు, ఎవరినీ పెట్టనివ్వకు. బాసు విసుక్కుంటే విసుక్కోనీ. ఆ కుర్రాడిలా తల వంచుకుని కూర్చున్నావని నా చెవిన పడకూడదు.

చిన్నప్పుడు వీణ అన్నావు, మూణ్ణెల్లు. కూచిపూడి అన్నావు, గజ్జెలు కొన్నాక మానేశావు. మూడు రోజులు చేపలు పట్టి రెండు రోజులు వల ఆరేసుకునే రకమంటారు చైనావాళ్ళు నీలాంటి వాళ్ళని. చైనీసు ఒక్కటే వదలకుండా పట్టుకున్నావు. ఎందుకో నాకు తెలీదు గానీ, ఆ పుస్తకాలు ముందేసుకుని అర్ధరాత్రిదాకా కూర్చునేదని మీ అమ్మ చెబితే నా కళ్ళు చెమర్చాయి.

మార్చిలో షియామెన్ రాళ్ళ ప్రదర్శనకి వస్తాను. ఈలోగా ఒకటి నుంచి పది దాకా పెద్దంకెలు కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపు. ఫోన్లో టైపు చేసి పంపితే ఒప్పుకోను.

మీ పెదమామయ్య