న్యూట్రాస్యూటికల్స్ బీఎస్సీలో చేర్పించమంటారా?

ప్రశ్న: మా పాపకు నీట్‌లో సీటు రాలేదు. ఆహారం చెడిపోకుండా కలిపే ప్రిజర్వేటివ్‌ల విషానికి సహజ యాంటీఆక్సిడెంట్లే విరుగుడని, న్యూట్రాస్యూటికల్స్ (ఆరోగ్యానికి మేలు చేస్తాయనే ఆహార పదార్థాలు, సప్లిమెంట్ల చదువు) బీఎస్సీ చేస్తానంటోంది. అది మేలా, ఫుడ్ టెక్నాలజీ మేలా? మెడిసిన్ ఎట్లాగూ పోయింది, ఇదీ పోతే ఏం కావాలి? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీరడిగింది రెండు కోర్సుల తేడా. మీ దిగులు మాత్రం ఆఖరి వాక్యంలో ఉంది. ఏటా నీట్ ఫలితాలు రాగానే ఈ మాటే వింటాం. మెడిసిన్ పోయిందని ఆ పిల్ల ఎదుట ఇక అనకండి. సీటు రాని బాధ ఆమెకు చాలు, మీ బాధ కూడా మోయించొద్దు. బైపీసీతో దారులేమీ మూసుకుపోలేదు.

ఇక ఆ ‘విరుగుడు’ సంగతి. ప్రిజర్వేటివ్ ఎక్కువగా తినిపించిన ఎలుకల్లో కాలేయం దెబ్బతినడం, కొన్ని యాంటీఆక్సిడెంట్లు ఇస్తే ఆ నష్టం తగ్గడం ప్రయోగాల్లో కనిపించింది. కానీ సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్‌కు యూరప్ పెట్టిన రోజువారీ హద్దు కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాములు. ఎలుకలకు తరచూ వందల్లో ఇస్తారు. పైగా పసుపులోని కర్క్యుమిన్ అనే యాంటీఆక్సిడెంట్ పేగుల్లోంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ. యాంటీఆక్సిడెంట్ల శక్తి చూడటానికి వాడే డీపీపీహెచ్ అనే రసాయనం ఊదారంగు పరీక్షనాళికలో విరిగినంత మాత్రాన కాలేయానికి రక్షణ దొరికినట్టు కాదు.

అసలు మెలిక విటమిన్ సి దగ్గరుంది, అదీ యాంటీఆక్సిడెంటే. నైట్రైట్ అనే ప్రిజర్వేటివ్ వేసిన మాంసంలో అది నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు పుట్టకుండా ఆపుతుంది. అదే విటమిన్ సి ఉన్న చీనీ రసంలో బెంజోయేట్ కలిపి, సీసాను ఎండలో పెడితే, నీళ్లలోని ఇనుమో రాగో తోడై కాస్త బెంజీన్ పుట్టొచ్చు. బెంజీన్ క్యాన్సర్ కారకం. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే యాంటీఆక్సిడెంట్) ఇచ్చి చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. ‘సహజం’ అన్న మాట చూసి కోర్సు ఎంచుకుంటే ఈ మెలికలు అర్థం కావు. వీటికి గట్టి కెమిస్ట్రీ కావాలి. అందుకే ఆ బీఎస్సీ మీద నాకు నమ్మకం తక్కువ.

ఉద్యోగం వైపు నుంచీ చూడండి. 2011 నిబంధనల్లో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అర్హతలుగా ఫుడ్ టెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వంటి డిగ్రీల పేర్లున్నాయి. న్యూట్రాస్యూటికల్స్ పేరు లేదు. డబ్బు కట్టేముందు పట్టా మీద ఏ పేరు వస్తుందో కాలేజీతో రాయించుకోండి. శాంపిల్‌లో ఏ పదార్థం ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఉందా అని కాదు, ప్రతి విద్యార్థి చేత్తో శాంపిల్ ఎక్కిస్తారా అని అడగండి. అద్దం వెనక నుంచి చూపించే ల్యాబ్ అయితే తిరిగి వచ్చేయండి.

ఫుడ్ టెక్నాలజీకి పులివెందులలో వ్యవసాయ వర్సిటీ కళాశాల ఉంది. కేంద్ర ప్రభుత్వ ఫుడ్ టెక్నాలజీ సంస్థ నిఫ్టెమ్‌లో బీటెక్‌కు మ్యాథ్స్ కావాలి కాబట్టి అది వదిలేయండి. కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ చేసి, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ వర్సిటీలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివినా మంచి దారే. యాంటీఆక్సిడెంట్ల మీద పరిశోధన అప్పుడూ చేయొచ్చు. కర్నూలు ఉల్లి పొట్టులో క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంట్ దండిగా ఉంటుంది, ముడిసరుకు మీ ఊళ్లోనే దొరుకుతుంది.

ఈ వారం పాపకు ఒక పని ఇవ్వండి. ఇంట్లో ఉన్న ప్యాకెట్ల మీద 202, 211, 300, 319 అంకెలు (ఆహారంలో కలిపే పదార్థాల కోడ్‌లు) వెతికి, ఏది బూజును ఆపుతుందో, ఏది నూనె చిక్కు వాసన పట్టకుండా చూస్తుందో తనే రాయాలి. రాసింది మీకు వివరించి చెప్పేటప్పుడు మధ్యలో నీట్ ఊసెత్తకుండా వినండి.