ఒలింపియాడ్ రాస్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నువ్వు ఈసారి ఐఓక్యూఎం, అదే గణిత ఒలింపియాడ్‌కి మొదటి మెట్టు పరీక్ష, రాస్తున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వానల సంగతి, ఆవకాయ సంగతి, నా మోకాళ్ళ సంగతి అన్నీ అయిపోయి, ఇక పెట్టేస్తానక్కా అన్నాక, “అన్నట్టు...” అని మొదలుపెట్టాడు. ముఖ్యమైన మాటలన్నీ వాడు అలాగే చెప్తాడు. ముందు సంతోషంతో నిద్ర పట్టలేదు, ఆ తర్వాత భయంతో పట్టలేదు. అందుకని పొద్దున్నే కాగితం పట్టుకు కూర్చున్నా. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే “ఊఁ, సరే అత్తా” అని ఊరుకుంటావు. ఉత్తరమైతే కనీసం రెండుసార్లు చదువుతావు.

పదో తరగతిలో ఇప్పుడు ఇదెందుకని మీ అమ్మ అంటోందట. ఆవిడ మాట తీసిపారెయ్యకు. తెలుగు, సోషల్ ఎప్పుడు చదువుతావో ఒక కాగితం మీద రాసి ఆవిడ చేతిలో పెట్టు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. నా లెక్క మాత్రం వేరు. వచ్చే ఏడు ఇంటర్లో చేరావంటే పొద్దుట లేచింది మొదలు స్టడీ అవర్లు, వారానికో టెస్టు. ఒక్క లెక్క ముందేసుకుని రెండు రోజులు కూర్చుంటానంటే ఎవరూ ఊరుకోరు. అలా కూర్చునే తీరిక నీకు ఇప్పుడే ఉంది.

పరీక్ష సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తా. 3 గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. పదింటికి రెండేసి, పదింటికి మూడేసి, పదింటికి అయిదేసి. ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు ఉండే పూర్ణసంఖ్య. 7 వస్తే జవాబు పత్రంలో 07 అని రెండు గళ్ళూ దిద్దాలి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో ఖాళీగా ఉన్నవి ఏదో ఒకటి దిద్దినా పోయేదేం లేదు. కానీ అది నాలుగు ఆప్షన్లలో ఒకటి గుడ్డిగా కొట్టడం లాంటిది కాదు. నూటికి ఒక్క వంతు. దాని మీద ఆశ పెట్టుకోకు. కాలిక్యులస్ జోలికి వెళ్ళొద్దు, ఇందులో దాంతో పని లేదు. నంబర్ థియరీ (పూర్ణసంఖ్యల లెక్కలు), జ్యామితి, బీజగణితం, కాంబినేటరిక్స్ (ఎన్ని రకాలుగా అని లెక్కపెట్టేవి), ఈ నాలుగూ చాలు. పాత పేపర్లు ఈ ఒలింపియాడ్ల సంగతి చూసే హోమీ భాభా సెంటర్ వాళ్ళ సైట్లో ఉంటాయి, దింపుకో.

ఇది దాటితే ఆర్ఎంఓ, అంటే ప్రాంతీయ ఒలింపియాడ్. అక్కడ 6 లెక్కలే, టైమేమో అదే 3 గంటలు. గళ్ళు ఉండవు, ప్రతి అడుగూ రుజువు చెయ్యాలి. ఆ తర్వాత జనవరిలో ఐఎన్ఎంఓ, అంటే జాతీయ ఒలింపియాడ్, దాని మీద శిబిరాలు, చివరికి ఆరుగురు అంతర్జాతీయ ఒలింపియాడ్‌కి వెళ్తారు. మన దేశం 1989 నుంచి పంపుతోంది. ఆడపిల్లలకి విడిగా యూరోపియన్ గర్ల్స్ ఒలింపియాడ్ అని ఒకటుంది, దానికి 2015 నుంచి మన జట్టు వెళ్తోంది. అంత దూరం నేను ఊహించుకోవడం లేదులే. ఊహించుకున్నా, రాత్రి రెండింటికి. పొద్దున్నే మానేశా.

సాధన గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లెక్క అర్థం కాకపోతే చిన్న సంఖ్యలు వేసి చూడు: 1, 2, 3. జ్యామితికి బొమ్మ పెద్దది గియ్యి, అరపేజీ పోతే పోనీ. త్రిభుజం గియ్యమంటే పిల్లలంతా దాదాపు సమబాహు త్రిభుజమే గీస్తారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏళ్ళ తరబడి చూశాను. ఆ బొమ్మలో లేని సమానత్వాలన్నీ కనిపిస్తాయి. వంకర త్రిభుజం గియ్యి. ఆర్ఎంఓకి స్కేలు, కంపాస్ తీసుకెళ్ళనిస్తారు, ప్రొట్రాక్టరూ కాలిక్యులేటరూ తేకూడదంటారు. ఇంట్లో కూడా ఆ రెండూ ముట్టుకోకు.

సొల్యూషన్ మాత్రం వెంటనే చూడొద్దు. చూస్తే అంతా నీకు తెలిసినట్టే ఉంటుంది. మర్నాడు అదే లెక్క తెల్లకాగితం మీద పెట్టు, మూడో లైన్లో ఆగిపోతావు.

ఇక అసలు సంగతి. మీ నాన్న కూడా ఇంటర్ మొదటి ఏడాదిలో ఆర్ఎంఓ రాశాడు. ఇంట్లో అందరూ ఏమనుకుంటారో నీకు తెలుసుగా: తెలుగు మీడియం కుర్రాడు, ఇంగ్లీషు ముక్కలు అర్థంకాక పోయింది అని. మీ నాన్న ఎప్పుడూ ఆ మాట కాదనలేదు. కానీ పరీక్ష నుంచి వచ్చిన సాయంత్రం వాడు అరుగు మీద కూర్చుని, పెళ్ళి శుభలేఖల వెనక వైపున తను రాసిందంతా నాకు మళ్ళీ రాసి చూపించాడు. ఎంత ముచ్చటగా రాశాడనుకున్నావు! ఇంగ్లీషు కూడా బాగానే ఉంది. అందులో ఒక అసమానత లెక్క ఉంది, ఒకటి ఇంకోదానికన్నా పెద్దది కాదని చూపించేది. మొదటి లైన్లోనే “వితవుట్ లాస్ ఆఫ్ జనరాలిటీ, ఎ కన్నా బి చిన్నది కాదు, బి కన్నా సి చిన్నది కాదు అనుకుందాం” అని మొదలుపెట్టాడు. అంటే, ఇలా అనుకున్నా ఏ సందర్భమూ తప్పిపోదని. ఆ మాట ఎవరి దగ్గరో అరువు తెచ్చిన పుస్తకంలో కొత్తగా నేర్చుకున్నాడు. అదంటే వాడికి మహా మోజు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా వాడేవాడు.

ఆ లెక్క నాకు యథాతథంగా గుర్తులేదు, అదే జాతిది ఒకటి చెప్తా చూడు. ఎ, బి, సి మూడూ సున్నా గానీ అంతకన్నా ఎక్కువ గానీ. మూడూ కలిపితే 3. ఎ స్క్వేర్ బి, బి స్క్వేర్ సి, సి స్క్వేర్ ఎ, ఈ మూడింటి మొత్తం ఎంత వరకూ వెళ్ళగలదు? నువ్వు “ఎ, బి, సి చిన్న నుంచి పెద్దకి ఉన్నాయి అనుకుందాం” అని మొదలుపెట్టావనుకో. 0, 1, 2 వేస్తే ఏమొస్తుంది? మొదటిది సున్నా, రెండోది 2, మూడోది సున్నా. మొత్తం 2. ఇప్పుడు అవే సంఖ్యలు తిరగేసి 2, 1, 0 వెయ్యి. మొదటిదే 4 వచ్చి కూర్చుంది. సంఖ్యలు అవే, వరస మారితే విలువ రెట్టింపైంది. నిజానికి ఈ లెక్కకి గరిష్ఠ విలువ 4. చిన్న నుంచి పెద్దకి అని మొదట్లోనే అనుకున్నవాడికి ఆ 4 ఎప్పటికీ కనిపించదు.

ఎందుకంటే ఎ, బి, సిలని గుండ్రంగా తిప్పితే ఈ మొత్తం మారదు. ఎ స్థానంలో బి, బి స్థానంలో సి, సి స్థానంలో ఎ పెట్టు, మళ్ళీ అదే వస్తుంది. కానీ ఏ రెండింటినైనా తారుమారు చేస్తే మారిపోతుంది. కాబట్టి “ముగ్గురిలో పెద్దది ఎ అనుకుందాం” అనేంత వరకే నీకు హక్కుంది. మిగతా ఇద్దరిలో ఎవరు పెద్దో నువ్వు నిర్ణయించడానికి లేదు, రెండు సందర్భాలూ విడివిడిగా చూడాలి. మీ నాన్న ఒక్కటే చూశాడు.

నేను ఒక శుభలేఖ మీద సంఖ్యలు వేసి చూపించాను. చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. భోజనానికి లేవమంటే ఆకలి లేదన్నాడు. సెలెక్షన్ రాలేదు. అది ఆ ఒక్క లెక్క వల్లేనో, మిగతావి కూడా అలాగే ఉన్నాయో మాకు ఎవరూ చెప్పలేదు. మర్నాటి సంవత్సరం వాడికి ఇంకా అవకాశం ఉంది. నేనే ఫారం తెప్పించి బల్ల మీద పెట్టాను. ఇంటర్ పరీక్షలున్నాయిగా అక్కా, అన్నాడు. ఉన్నాయి, నిజమే. ఆ ఫారం వెనక మీ నాయనమ్మ చాలా రోజులు పాల లెక్క రాసుకుంది.

ఇదంతా నీకు చెప్పానని వాడు అలిగితే అలగనీ. ఉద్యోగం, ఇల్లు, నువ్వు, వాడికి ఏ లోటూ లేదు. కానీ మొన్న వేసవిలో నువ్వు నాకు వృత్తం లెక్క చూపిస్తూ, అడ్డుపడి అడిగిన ప్రతిసారీ “అది కనిపిస్తూనే ఉందిగా అత్తా” అన్నావు చూడు, నాకు ఆ అరుగే కళ్ళముందుకొచ్చింది. అదే మొహం, అదే తొందర. కనిపిస్తే రాయడానికి నొప్పేంటే? పేపర్ దిద్దేవాడికి నీ కళ్ళు లేవు. “స్పష్టంగా”, “ఇదే విధంగా”, “సాధారణత్వానికి భంగం లేకుండా”, ఈ మూడు మాటలు రాసినప్పుడల్లా పక్కనే పెన్సిల్‌తో ఎందుకో రాయి. రాయలేకపోతే గొయ్యి అక్కడే ఉంది.

రేపటి నుంచే మొదలుపెట్టు. 11, 111, 1111, ఇలా ఒకట్లు ఎన్ని పేర్చినా పరిపూర్ణ వర్గం రాదు. 4తో భాగిస్తే వచ్చే శేషం చూడు, అంతకన్నా సాయం చెయ్యను. నాలుగు లైన్లలో రాసి పంపు. అయిదో తరగతి పిల్లాడు కూడా ఎక్కడా అడ్డం తిరగలేనట్టు ఉండాలి.

నువ్వు చిన్నప్పటి నుంచీ క్లాసులో ఫస్టే. రెండు రోజులు కూర్చున్నా లెక్క రాకపోవడం అంటే ఏమిటో నీకు ఇంకా తెలీదు. తెలిసిన రోజున ఏడుపొస్తుంది. రానీ. లేచి అన్నం తిని పడుకో. ఎనిమిది గంటలు, తగ్గితే ఒప్పుకోను. నువ్వు చేసేసిన లెక్కలు నాకు పంపొద్దు, రానివి వాట్సాప్‌లో ఫొటో తీసి పంపు, ఎక్కడ ఆగావో అక్కడ గీత పెట్టి. నాకూ రాకపోవచ్చు. ఇద్దరం కలిసి కూర్చుందాం. సెలెక్ట్ కాకపోతే వచ్చే ఏడు ఫారం మీ నాన్న చేతికి ఇవ్వను, నేనే నింపుతా.

గుంటూరులో సెంటర్ పడితే, ఆదివారం పొద్దున ఫస్ట్ బస్సుకి వస్తాం అని మీ నాన్న అంటాడు. వినకు. ఆ బస్సు ఏ రోజు సమయానికి వచ్చిందో నేనెరగను. శనివారం సాయంత్రానికే ఇద్దరూ మా ఇంటికి వచ్చెయ్యండి. హాల్ టికెట్, ఐడీ కార్డు, రాసి చూసుకున్న బాల్ పెన్నులు రెండు, అంతే తెచ్చుకో. పుస్తకాలు తెస్తే బీరువాలో పెట్టి తాళం వేస్తా. ఆ రాత్రి పప్పుచారు, వడియాలు. తొమ్మిదింటికల్లా లైటు తీసేస్తాను.

మీ అత్త